రాత్రి సర్క్యూట్లలో దిగిపోయే బ్యాటరీ: 35 ఆంపియర్ల జనరేటర్ తీసి 60 ఆంపియర్ల ఆల్టర్నేటర్ పెట్టిన కేసు

విమానం నాలుగు సీట్ల సింగిల్ ఇంజన్ రకం, 1960ల తొలినాళ్లది. లైకమింగ్ ఓ-320 ఇంజన్, 12 వోల్టుల సిస్టమ్, బెల్టుతో తిరిగే 35 ఆంపియర్ల జనరేటర్, 24 ఆంపియర్-అవర్ బ్యాటరీ. పగలు ఎంతసేపు ఎగిరినా ఏ ఫిర్యాదూ లేదు. రాత్రి సర్క్యూట్లు (రన్‌వే చుట్టూ తిరిగి దిగుతూ, మళ్లీ లేస్తూ చేసే సాధన) మొదలుపెట్టి గంట తిరిగేసరికి మాత్రం ఫైనల్‌లో, అంటే రన్‌వేకు ఎదురుగా దిగే చివరి దశలో, ల్యాండింగ్ లైటు ఎర్రబడుతుంది, మైకు నొక్కగానే రేడియో గొంతు పడిపోతుంది. ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేయబోతే స్టార్టర్ రిలే టకటక కొట్టుకుంటుందే తప్ప ప్రొపెల్లర్ తిరగదు.

అప్పటికే రెగ్యులేటర్ (జనరేటర్ వోల్టేజీని అదుపు చేసే పెట్టె) రెండుసార్లు మార్చారు. మార్చిన ప్రతిసారీ కొన్నాళ్లు బాగున్నట్టే ఉండి, మళ్లీ అదే తంతు. ఛార్జింగ్ తక్కువైతే ముందు రెగ్యులేటర్ మీద అనుమానం పడటం సహజం. అది ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ కాక్‌పిట్‌కూ మధ్య గోడ) మీద చేతికి అందేచోట ఉంటుంది, నాలుగు స్క్రూలు తిప్పితే వచ్చేస్తుంది. కానీ ఈ ఫిర్యాదులో ఒక విషయం మొదటినుంచీ కళ్లెదుటే ఉంది: ఇది రాత్రే వస్తోంది, అందులోనూ సర్క్యూట్లలోనే వస్తోంది. అంటే లోడు ఎక్కువ, ఇంజన్ వేగం తక్కువ. ఈ రెండూ కలిసినప్పుడు ఏం జరుగుతుందో కొలవకుండా ఏ భాగం మార్చినా గుడ్డి దెబ్బే అవుతుంది.

లోడు లెక్క

ఇంజన్ ఆపి, బయటి పవర్ సప్లైతో బస్‌ను (అన్ని పరికరాలకూ కరెంటు పంచే పట్టీని) 13.8 వోల్టుల దగ్గర నిలబెట్టి, ఒక్కొక్క స్విచ్ వేస్తూ డీసీ క్లాంప్ మీటర్‌తో కొలిచారు. బ్యాటరీ మీదనే, 12.2 వోల్టుల దగ్గర కొలిస్తే బల్బులు తక్కువ లాగుతాయి, లెక్క తప్పుతుంది. ల్యాండింగ్ లైటు 8 ఆంపియర్లు, పిటో హీటర్ (గాలి వేగం కొలిచే గొట్టానికి మంచు పట్టకుండా వేడి చేసేది) 7, మూడు నావిగేషన్ లైట్లు కలిపి 5.5, తిరిగే బీకన్ 6, ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కు జవాబిచ్చే పెట్టె) 2, ప్యానెల్ లైట్లు 1.5, రేడియో వింటున్నప్పుడు 1, ఫ్యూయల్ గేజీలూ టర్న్ కోఆర్డినేటరూ కలిపి 1, మాస్టర్ రిలే కాయిల్ 0.8. మొత్తం 32.8. మైకు నొక్కితే ఇంకో 4. పిటో హీటర్ తీసేస్తే 25.8.

అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ వారి సలహా పత్రం ఏసీ 43.13-1బీ చెప్పే సూత్రం ఇది: లోడును గమనించే మీటరో, ఫలానావి కలిపి వాడొద్దని చెప్పే ప్లకార్డో లేనప్పుడు, నిరంతర లోడు జనరేటర్ సామర్థ్యంలో దాదాపు 80 శాతం దాటకూడదు. 35లో 80 శాతం అంటే 28. పిటో హీటర్ లేకుండా ఈ విమానం ఆ గీతకు లోపలే ఉంది, పెడితే దాటుతుంది. కాగితం మీద చూస్తే పెద్ద తప్పేమీ కనబడదు. అసలు సంగతి ఆ 35 ఏ ఆర్‌పీఎం దగ్గర వస్తుందన్నది.

జనరేటర్ ఇచ్చింది ఎంత

లైట్లన్నీ వేసి, అవి చాలనప్పుడు కార్బన్ పైల్ (కృత్రిమంగా లోడు పెట్టే పరికరం) కూడా కలిపి, జనరేటర్ ఆర్మేచర్ వైరు మీద కొలిచారు. ఇంజన్ 1000 ఆర్‌పీఎం దగ్గర సున్నా, జనరేటర్‌ను బ్యాటరీకి కలిపే కటౌట్ రిలే మూసుకోనే లేదు. 1500 దగ్గర 11 ఆంపియర్లు. 2300 దగ్గర 27.

ఇప్పుడు ఒక గంట రాత్రి సర్క్యూట్ల లెక్క వేయండి. ట్యాక్సీ, హోల్డింగ్ పాయింట్ దగ్గర ఎదురుచూపు కలిపి 15 నిమిషాలు. ఆ సేపంతా 25.8 ఆంపియర్లూ బ్యాటరీవే, అంటే 6.5 ఆంపియర్-అవర్ ఖర్చు. దిగడానికి వచ్చే దశలు, అంటే డౌన్‌విండ్ చివర, బేస్, ఫైనల్ కలిపి 20 నిమిషాలు 1500 ప్రాంతంలో, ఆ సేపంతా 14.8 ఆంపియర్ల లోటు, 4.9 ఆంపియర్-అవర్. మిగిలిన 25 నిమిషాలు పవర్‌లో, 27లో లోడు పోను 1.2 ఆంపియర్లు బ్యాటరీకి తిరిగొస్తుంది, అంటే 0.5. గంట తర్వాత నికర నష్టం దాదాపు 11 ఆంపియర్-అవర్. 24 అని రాసి ఉన్న బ్యాటరీ కొంత వయసు మీరినదైతే 19 ఇస్తుందనుకుందాం, మొదటి స్టార్ట్‌కు పోయింది కూడా అందులోనే తీయాలి. స్టార్టర్ తిప్పేంత బలం దానిలో మిగలకపోవడంలో వింతేముంది? ఫిర్యాదు అక్షరాలా లెక్కతో సరిపోయింది.

జనరేటర్ తక్కువ వేగంలో ఎందుకు పనికిరాదో ఇక్కడే చెప్పుకోవాలి. డీసీ జనరేటర్‌లో ఫీల్డ్ కాయిళ్లు (అయస్కాంత క్షేత్రం ఇచ్చేవి) బయట, బాడీకి బిగించిన పోల్ ముక్కల మీద కదలకుండా ఉంటాయి. కరెంటు పుట్టేది లోపల తిరిగే ఆర్మేచర్‌లో. పుట్టిన కరెంటంతా, 35 ఆంపియర్లంటే 35 ఆంపియర్లూ, కమ్యుటేటర్ మీద రాసుకునే కార్బన్ బ్రష్షుల గుండానే బయటికి రావాలి. ఆర్మేచర్ బరువైనది, మరీ వేగంగా తిప్పితే గాడుల్లోని తీగలూ కమ్యుటేటర్ రాగి పట్టీలూ బయటికి విసురుకుంటాయి. అందుకే పుల్లీ నిష్పత్తిని ఇంజన్ గరిష్ఠ వేగానికి సరిపడేలా పెడతారు. పైన పెద్ద వేగం వద్దనుకున్నప్పుడు కింద ఐడిల్‌లో అది నిద్రపోవాల్సిందే.

ఆల్టర్నేటర్‌లో ఈ అమరిక తిరగబడింది. తిరిగేది ఫీల్డ్, నిలబడి ఉండేది కరెంటు పుట్టే స్టేటర్. బ్రష్షులు రెండు నున్నటి స్లిప్ రింగుల మీద 3, 4 ఆంపియర్ల ఫీల్డ్ కరెంటు మాత్రమే మోస్తాయి. స్టేటర్‌లో పుట్టిన మూడు ఫేజుల ఏసీని కరెంటును ఒకవైపే పోనిచ్చే ఆరు డయోడ్లు డీసీ చేస్తాయి. రోటర్ గట్టిది, ఎక్కువ వేగం తట్టుకుంటుంది, కాబట్టి చిన్న పుల్లీ వేయొచ్చు. ట్యాక్సీలోనే లోడు మోయగలగడం అందుకే.

రెగ్యులేటరా, జనరేటరా

తీర్పు చెప్పే పరీక్ష ఫుల్ ఫీల్డ్ పరీక్ష: రెగ్యులేటర్‌ను పక్కనపెట్టి ఫీల్డ్‌కు పూర్తి కరెంటు ఇచ్చి చూడటం. దానికి ముందు జనరేటర్ ఏ రకమో తెలియాలి. ఏ-టైపులో ఫీల్డ్ కాయిల్ ఒక కొస లోపల ఆర్మేచర్‌కు కలిసి ఉంటుంది, రెండో కొస ఎఫ్ టెర్మినల్ నుంచి వెళ్లి రెగ్యులేటర్‌లో ఎర్త్ అవుతుంది. బీ-టైపులో ఫీల్డ్ లోపలే ఎర్త్ అయి ఉంటుంది, రెగ్యులేటర్ దానికి పాజిటివ్ అందిస్తుంది. ఏ-టైపుకు ఎఫ్‌ను ఎర్త్ చేయాలి, బీ-టైపుకు ఎఫ్‌ను ఆర్మేచర్ టెర్మినల్‌కు కలపాలి. ఒకదాని పద్ధతి ఇంకోదాని మీద ప్రయోగిస్తే రెగ్యులేటర్ పాయింట్లు అక్కడికక్కడే మాడతాయి.

ఇది ఏ-టైపు. ఎఫ్ వైరును రెగ్యులేటర్ నుంచి విప్పి, ఇంజన్ 1500 దగ్గర ఉంచి, కొన్ని సెకన్లు మాత్రం ఎర్త్‌కు తాకించారు. 11 ఆంపియర్లు 12కి చేరాయి, అంతే. రెగ్యులేటర్ పూర్తిగా తప్పుకున్నా జనరేటర్ అంతకుమించి ఇవ్వలేదు. అంటే రోగం జనరేటర్‌లోనే ఉంది.

విప్పి చూస్తే బ్రష్షులు సగం కంటే ఎక్కువ అరిగి ఉన్నాయి. సగం అరిగితే మార్చాలన్నది మామూలు నియమం. ఆ తర్వాత స్ప్రింగు నొక్కుడు తగ్గి, బ్రష్ కమ్యుటేటర్ మీద ఎగరడం మొదలుపెడుతుంది, ఎగిరిన ప్రతిసారీ నిప్పురవ్వ. ఇక్కడ కమ్యుటేటర్ సంగతి ఇంకా అధ్వానం: రాగి పట్టీలు అరిగి, వాటి మధ్య ఉండే మైకా రాగితో సమానంగా పైకి తేలింది. మైకా రాగి కంటే గట్టిది, త్వరగా అరగదు. అది పైకి తేలితే కొత్త బ్రష్షులు వేసినా రాగిని సరిగ్గా తాకవు. లేత్ మీద కమ్యుటేటర్‌ను గుండ్రంగా చెక్కి, మైకాను 0.8 మిల్లీమీటర్ల లోతు తీసి, అంచుల్లో మిగిలిన రాగి నూగును శుభ్రం చేసి, గ్రౌలర్ (కాయిళ్లలో షార్టు పట్టే పరికరం) మీద ఆర్మేచర్‌ను పరీక్షించారు. షార్టు గానీ ఎర్త్ గానీ లేదు.

రెగ్యులేటర్లు రెండూ ఎందుకు పోయాయన్న ప్రశ్నకు జవాబు జనరేటర్ బాడీ మీదే దొరికింది. రేడియోలో గరగర తగ్గించడానికి ఎవరో ఒక కెపాసిటర్ బిగించారు. బిగించడం మంచిదే, కానీ బిగించింది ఎఫ్ టెర్మినల్‌కు. కెపాసిటర్ ఉండాల్సింది ఆర్మేచర్ టెర్మినల్ మీద. ఫీల్డ్ మీద పెడితే రెగ్యులేటర్ పాయింట్లు సెకనుకు ఎన్నోసార్లు తెరిచి మూసే ప్రతిసారీ ఆ కెపాసిటర్ వాటి గుండానే ఖాళీ అవుతుంది. తీసేసిన రెగ్యులేటర్ మూత విప్పితే వోల్టేజ్ యూనిట్ పాయింట్లలో ఒకవైపు గుంట, ఎదురువైపు మొటిమ, చుట్టూ నల్లటి మసి. జనరేటర్ రెగ్యులేటర్ మార్చే ప్రతి మెకానిక్కూ ముందు ఆ ఒక్క వైరు ఎక్కడికి పోతోందో చూడటం అలవాటు కావాలి, ఎందుకంటే కొత్త యూనిట్‌ను అది మొదటి గంటనుంచే తినడం మొదలుపెడుతుంది.

కెపాసిటర్ చోటు మార్చి, జనరేటర్ తిరిగి బిగించాక పోలరైజ్ చేయాలి. జనరేటర్ తనంతట తాను లేచేది పోల్ ఇనుములో మిగిలి ఉన్న కాస్త అయస్కాంతత్వంతో. విప్పడంలో, బెంచ్ మీద పరీక్షించడంలో అది తిరగబడి ఉండొచ్చు. ఏ-టైపుకు, ఇంజన్ తిరక్కముందు, రెగ్యులేటర్ దగ్గర బ్యాటరీ టెర్మినల్‌నూ ఆర్మేచర్ టెర్మినల్‌నూ జంపర్ వైరుతో ఒక్క క్షణం తాకించి తీసేస్తే చాలు. ఇది మరచి స్టార్ట్ చేస్తే తిరగబడ్డ జనరేటర్ వోల్టేజీ బ్యాటరీ వోల్టేజీతో కలిసి కటౌట్ పాయింట్లను కాల్చి అతికించేస్తుంది.

బాగుచేశాక కొలతలు: 1000 దగ్గర ఇంకా సున్నా, 1500 దగ్గర 19, 2300 దగ్గర 34. ఆరోగ్యంగా ఉన్న జనరేటర్ ఇంతే ఇస్తుంది. మళ్లీ అదే గంట లెక్క వేస్తే: ట్యాక్సీలో 6.5 పోయింది, అప్రోచ్‌లో 2.3 పోయింది, పవర్‌లో 3.4 తిరిగొచ్చింది. నికరం ఇంకా 5.3 ఆంపియర్-అవర్ నష్టమే. ఈ కేసులో అన్నిటికంటే విలువైన కొలత ఇదే. రిపేరు పరిపూర్ణంగా జరిగింది, అయినా ఈ వాడకానికి ఈ యంత్రం చాలదు.

ఆల్టర్నేటరే ఎందుకు

నిజానికి ఇంకో దారి ఉంది, దాన్ని ముందు చూడాలి. ఈ విమానానికి ఆమోదం ఉన్న ఎల్‌ఈడీ లైట్లు వేస్తే ల్యాండింగ్ లైటు 8 నుంచి 2.5కు, నావిగేషన్ 5.5 నుంచి 1కి, బీకన్ 6 నుంచి 1.5కు దిగుతాయి. 25.8 కాస్తా 11.3 అవుతుంది. అప్పుడు 1500 దగ్గరే జనరేటర్ 7 ఆంపియర్లకు పైగా మిగులుస్తుంది. పగటిపూట ఎగిరే విమానానికి, అప్పుడప్పుడూ రాత్రి ఎగిరేదానికి ఇదే సరైన సలహా: జనరేటర్‌ను బాగుచేయండి, లైట్లు మార్చండి, అక్కడితో ఆపండి. జనరేటర్ చెడ్డ యంత్రం కాదు.

ఇక్కడ యజమాని కొత్త ఏవియానిక్స్ వేయించబోతున్నాడు, పిటో హీటర్ తరచూ వాడతాడు. లోడు తగ్గేది కాదు, పెరిగేదే. అందుకే ఎస్‌టీసీ (మార్పుకు అధికారిక ఆమోదపత్రం) ఉన్న 60 ఆంపియర్ల కన్వర్షన్ కిట్ ఎంచుకున్నారు.

మార్చాల్సింది యంత్రం ఒక్కటే కాదు

పాత జనరేటర్ రెగ్యులేటర్‌లో మూడు యూనిట్లుంటాయి: వోల్టేజీ పట్టి ఉంచేది ఒకటి, కరెంటును 35 దగ్గర ఆపేది ఒకటి, జనరేటర్ వోల్టేజీ బ్యాటరీ కంటే తగ్గినప్పుడు తెంచేసే కటౌట్ ఒకటి. కటౌట్ లేకపోతే ఇంజన్ ఆగగానే బ్యాటరీ జనరేటర్‌ను మోటారులా తిప్పబోయి దాని గుండా ఖాళీ అవుతుంది. కరెంటు లిమిటర్ లేకపోతే జనరేటర్ తాను మాడిపోయేదాకా ఇస్తూనే ఉంటుంది. ఆల్టర్నేటర్‌కు ఈ రెండూ అక్కర్లేదు. డయోడ్లే వెనక్కి పోనివ్వవు. స్టేటర్ కాయిళ్ల ఇండక్టెన్స్ కరెంటును దానంతటదే ఒక హద్దులో ఉంచుతుంది. దానికి కావాల్సింది వోల్టేజ్ రెగ్యులేటర్, దాంతోపాటు ఓవర్‌వోల్టేజ్ రక్షణ. ఈ రక్షణను అదనపు హంగుగా చూడకూడదు: రెగ్యులేటర్ షార్టయి ఫీల్డ్‌కు పూర్తి కరెంటు పోతే 60 ఆంపియర్ల ఆల్టర్నేటర్ బస్ వోల్టేజీని ఏవియానిక్స్ కాలిపోయేదాకా తీసుకుపోగలదు. 14 వోల్టుల సిస్టమ్‌లో (12 వోల్టుల బ్యాటరీని 14 దగ్గర ఛార్జ్ చేసే ఇలాంటిదాన్నే అలా అంటారు) 16 దాటిన తర్వాత ఈ రక్షణ యూనిట్ ఫీల్డ్ బ్రేకర్‌ను పడగొట్టాలి.

అవుట్‌పుట్ వైరు పాతది ఉంచకూడదు. 35కు వేసిన వైరులో 60 పంపితే వేడెక్కుతుంది. 8 గేజ్‌కు తగ్గకుండా, దూరం ఎక్కువైనా కట్టల్లో పోయేదైనా 6 గేజ్ వేసి, పొడవును బట్టి డ్రాప్ లెక్క చూసుకోవాలి; 14 వోల్టుల సిస్టమ్‌కు నిరంతర లోడులో 0.5 వోల్టులు మించకూడదు. దానికి 60 ఆంపియర్ల బ్రేకర్, ఫీల్డ్‌కు విడిగా 5 ఆంపియర్ల బ్రేకర్. మాస్టర్ స్విచ్ రెండు ముక్కలది వేయాలి, ఒక సగం బ్యాటరీ, ఇంకో సగం ఆల్టర్నేటర్ ఫీల్డ్. గాల్లో ఆల్టర్నేటర్‌ను బ్యాటరీ పోకుండా తీసేయగలగడం దీని ఉద్దేశం. ఆల్టర్నేటర్ ఉంచి బ్యాటరీ తీసేయడానికి స్విచ్ వీలివ్వకూడదు. బ్యాటరీ లేని బస్ మీద ఆల్టర్నేటర్ తిరిగితే లోడు మారిన ప్రతిసారీ వోల్టేజీ ఎగసిపడుతుంది, డయోడ్లు పోతాయి.

అమ్మీటర్ సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పాతది సున్నా మధ్యలో ఉండే రకం, బ్యాటరీ వైరులో ఉంటుంది. సున్నా చూపితే అంతా సవ్యమని, ఎడమకు పోతే బ్యాటరీ దిగుతోందని అర్థం. కిట్‌తో వచ్చింది లోడ్‌మీటర్, ఆల్టర్నేటర్ అవుట్‌పుట్‌ను చూపుతుంది. అందులో సున్నా అంటే ఆల్టర్నేటర్ చచ్చిపోయిందని. ఒకే ప్యానెల్ చోట, ఒకే సైజులో, సున్నాకు పూర్తిగా ఎదురు అర్థం. ఇది పైలట్‌కు నోటిమాటగా కాకుండా, ఫ్లైట్ మాన్యువల్ సప్లిమెంట్‌లో రాతపూర్వకంగా ఉండాలి. పాత మీటరు ఉంచుకున్న విమానాల్లో వోల్ట్‌మీటర్ ఒకటి వేయడం తప్పనిసరి అనుకోండి.

బెల్టు లైకమింగ్‌లో ప్రొపెల్లర్ వెనక ఉంటుంది, మార్చాలంటే ప్రొపెల్లర్ విప్పాల్సిందే. కాబట్టి ప్రొపెల్లర్ విప్పిన ప్రతిసారీ బెల్టు వయసు చూసి కొత్తది వేయడం మంచిది. బిగుతుకు లైకమింగ్ సర్వీస్ ఇన్‌స్ట్రక్షన్ 1129 పద్ధతి: ఆల్టర్నేటర్ పుల్లీ నట్ మీద టార్క్ రెంచ్ పెట్టి పుల్లీ బెల్టు మీద జారే టార్క్ చూడాలి. 3/8 అంగుళాల బెల్టు కొత్తదైతే 11 నుంచి 13 ఫుట్-పౌండ్లు, వాడినదైతే 7 నుంచి 9. అర అంగుళం బెల్టు కొత్తదైతే 13 నుంచి 15, వాడినదైతే 9 నుంచి 11. కొత్త బెల్టు సాగుతుంది, 25 గంటలకు మళ్లీ చూడాలి. జనరేటర్ కంటే ఆల్టర్నేటర్‌కు బెల్టు బిగుతు ముఖ్యం, ఎందుకంటే చిన్న పుల్లీ మీద బెల్టు చుట్టుకునే భాగం తక్కువ, లాగే బలం ఎక్కువ. దిగిపోయిన బ్యాటరీతో స్టార్ట్ చేసినప్పుడు మొదటి నిమిషాల్లో కీచుమంటే బెల్టు జారుతోందన్నమాట. అలాగని అతిగా బిగిస్తే ముందు బేరింగ్ పోతుంది, బ్రాకెట్ చెవి పగులుతుంది.

గేర్‌తో తిరిగే ఆల్టర్నేటర్లున్న పెద్ద కాంటినెంటల్ ఇంజన్ల కథ వేరు: అక్కడ కప్లింగ్‌లోని రబ్బరు భాగం జారే టార్క్‌ను తయారీదారు చెప్పినట్టు పరీక్షించాలి. అది చితికితే ముక్కలు పడేది ఇంజన్ లోపలే.

బిగించాక వచ్చిన తలనొప్పి

మొదటి గ్రౌండ్ రన్‌లో 1000 ఆర్‌పీఎం దగ్గరే 28 ఆంపియర్లు వచ్చాయి. ట్యాక్సీ లోడు అక్కడికే తీరిపోయింది. కానీ బస్ వోల్టేజీ 14.9 చూపింది. రెగ్యులేటర్ సెట్ చేసింది 14.2కు. లోడ్‌మీటర్ ముల్లు సెకనుకు రెండు మూడు సార్లు వణుకుతోంది. ల్యాండింగ్ లైటు ఆపగానే ఫీల్డ్ బ్రేకర్ పడిపోయింది.

ఇలాంటప్పుడు కొత్త రెగ్యులేటర్‌ను తప్పుపట్టి వాపసు పంపడమో, స్క్రూ తిప్పి వోల్టేజీ దించడమో చేస్తారు. రెండూ చేయకూడదు. రెగ్యులేటర్ పని సక్రమంగానే ఉంది, దానికి అందుతున్న సమాచారం అబద్ధం. ఈ కిట్‌లో రెగ్యులేటర్ బస్ వోల్టేజీని తెలుసుకునేదీ, ఫీల్డ్ కరెంటు తీసుకునేదీ ఒకే వైరు గుండా: బస్ నుంచి ఫీల్డ్ బ్రేకర్, అక్కడినుంచి మాస్టర్ స్విచ్ సగం, అక్కడినుంచి రెగ్యులేటర్. ఆ దారిలో ఎక్కడ నిరోధం ఉన్నా, ఫీల్డ్ కరెంటు పారుతున్నప్పుడు రెగ్యులేటర్‌కు వోల్టేజీ తక్కువగా కనిపిస్తుంది. తక్కువగా ఉందనుకుని పెంచుతుంది. పెంచి పెంచి తన దగ్గర 14.2 అయ్యాక ఫీల్డ్ ఆపుతుంది. ఫీల్డ్ ఆగగానే కరెంటు లేదు కాబట్టి డ్రాప్ కూడా లేదు, వోల్టేజీ ఒక్కసారిగా ఎక్కువగా కనిపిస్తుంది, కనుక బస్ బాగా పడేదాకా మళ్లీ ఫీల్డ్ ఇవ్వదు. ముల్లు ఊగేది అందుకే. ఇప్పటికే పైన ఉన్న బస్ మీద నుంచి పెద్ద లోడు ఒక్కసారి తీసేస్తే క్షణంపాటు 16 దాటుతుంది, ఓవర్‌వోల్టేజ్ యూనిట్ తన పని తాను చేస్తుంది.

పట్టుకునే పద్ధతి సులువు. మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక ప్రోబ్ బస్ బార్ మీద, ఇంకోటి రెగ్యులేటర్ ఇన్‌పుట్ టెర్మినల్ మీద. మాస్టర్ రెండు సగాలూ వేసి, ఇంజన్ ఆపే ఉంచి కొలవొచ్చు. ఫీల్డ్ కరెంటు అప్పుడూ పారుతుంది. ఇక్కడ 0.7 వోల్టులు వచ్చింది. 0.2 దాటితే చాలు, అనుమానించాలి. 3 ఆంపియర్ల ఫీల్డ్‌కు 0.7 అంటే 0.23 ఓమ్, మామూలు ఓమ్‌మీటర్‌లో ఇది కంటికి ఆనదు. అందుకే కరెంటు పారుతుండగా డ్రాప్ కొలవాలి. దారి వెంట ఒక్కొక్క జాయింటు మీద ప్రోబులు జరుపుకుంటూ పోతే, కొత్త స్విచ్ దగ్గర దాదాపు ఏమీ లేదు, ఫీల్డ్ బ్రేకర్‌గా తిరిగి వాడిన పాత బ్రేకర్ మీద 0.25, బస్ బార్‌కు బిగించిన పాత రింగ్ టెర్మినల్ దగ్గర 0.42. స్క్రూ విప్పితే రింగు కింద ఆకుపచ్చ పొర, క్రింప్ లోపల తీగలు నల్లబడి ఉన్నాయి. బ్రేకర్ కొత్తది, టెర్మినల్ కొత్తది వేసి, బస్ బార్ రుద్ది శుభ్రం చేశాక మొత్తం డ్రాప్ 0.08కు దిగింది. బస్ 14.2, ముల్లు నిలబడింది, లైట్లు ఎన్నిసార్లు వేసి ఆపినా బ్రేకర్ పడలేదు.

హెడ్‌సెట్‌లో ఈలలాంటి శబ్దం మాత్రం మిగిలింది, ఆర్‌పీఎంతో పాటు పెరుగుతూ. జనరేటర్ గోల గరగరలా ఉంటుంది, బ్రష్షుల నిప్పురవ్వలది. ఆల్టర్నేటర్ గోల ఈల, డయోడ్లు దాటాక డీసీలో మిగిలే ఏసీ అలలది, అంటే రిపుల్‌ది. ముందు డయోడ్లు చూడాలి: లోడు వేసి, ఆల్టర్నేటర్ అవుట్‌పుట్ టెర్మినల్ దగ్గర ఏసీ వోల్టుల్లో కొలిస్తే అర వోల్టు దాటకూడదు. ఒక డయోడ్ తెగితే అలల్లోని ఆరు ఉబ్బుల వరుసలో వెలితి పడుతుంది, రిపుల్ పెరుగుతుంది, ఈల బొంగురుపోతుంది, పూర్తి లోడులో అవుట్‌పుట్ బాగా పడిపోతుంది. తక్కువ లోడులో మాత్రం మీటరు ఏమీ చెప్పదు, అదే దీనిలోని మోసం. ఇక్కడ రిపుల్ 0.15 మాత్రమే, డయోడ్లు క్షేమం. తప్పు ఎర్త్‌లో ఉంది: బ్రాకెట్ పెయింట్ వేసినది, ఆల్టర్నేటర్ బాడీ నుంచి ఇంజన్‌కు పోయే దారి సరిగా లేదు. తాకే చోట్లు గీకి, అల్లిన రాగి స్ట్రాప్ ఒకటి వేశాక వినికిడికి అందనంతగా తగ్గింది.

పైలట్‌కు చెప్పాల్సినవి

చేత్తో ప్రొపెల్లర్ తిప్పి స్టార్ట్ చేసే అలవాటున్న వాళ్లకు ఇది ముఖ్యం. బ్యాటరీ పూర్తిగా చచ్చినా జనరేటర్ తన ఇనుములోని అయస్కాంతత్వంతో లేచేది. ఆల్టర్నేటర్ లేవదు. దానికి ఫీల్డ్ కరెంటు బ్యాటరీనే ఇవ్వాలి, బ్యాటరీ చస్తే మాస్టర్ రిలే కూడా మూసుకోదు. ఎలాగో స్టార్ట్ అయిందనుకుని బయలుదేరితే గాల్లో కరెంటు లేని విమానమే. కాస్త ప్రాణమున్న బ్యాటరీతో లేచినా, ఖాళీ బ్యాటరీలోకి మొదట్లో 40 ఆంపియర్లకు పైగా దూసుకుపోతుంది, బ్యాటరీ వేడెక్కుతుంది. బ్యాటరీని తీసి ఛార్జ్ చేసి పెట్టాకే ఎగరాలి. ఛార్జర్ గానీ, బయటి బ్యాటరీ గానీ ప్లస్, మైనస్ మార్చి తగిలిస్తే డయోడ్లు ఆ క్షణమే పోతాయి. జనరేటర్‌కు చేసినట్టు జంపర్‌తో పోలరైజ్ చేయబోవడం కూడా అంతే, ఆల్టర్నేటర్‌కు అది ఎప్పుడూ చేయకూడదు.

జనరేటర్ సాధారణంగా నెలల తరబడి నీరసించి పోతుంది. ఆల్టర్నేటర్ నిన్నటిదాకా బాగుండి ఇవాళ ఉన్నట్టుండి ఆగిపోవచ్చు: బెల్టు తెగడం, ఫీల్డ్ వైరు ఊడటం, బ్రష్ ఇరుక్కోవడం. లోడ్‌మీటర్ సున్నాకు పడితే లేదా తక్కువ వోల్టేజీ దీపం వెలిగితే ఆల్టర్నేటర్ సగం స్విచ్ ఆపి, ఫీల్డ్ బ్రేకర్ చూసి, పడి ఉంటే ఒక్కసారి మాత్రం నొక్కి, స్విచ్ వేయాలి. మళ్లీ పడితే వదిలేయాలి. తర్వాత పిటో హీటర్, ల్యాండింగ్ లైటు, బీకన్ ఆపి లోడు దించాలి. 19 ఆంపియర్-అవర్ బ్యాటరీ మీద 12 ఆంపియర్ల లోడుకు అంకెల్లో గంటన్నర వస్తుంది. ఆ అంకెను నమ్ముకోవద్దు. బ్యాటరీ చల్లబడి ఉండొచ్చు, మొదలే నిండుగా లేకపోవచ్చు, 11 వోల్టుల దగ్గరకు వచ్చాక మైకు నొక్కితే రేడియో ఆగిపోవచ్చు. అరగంటలో దిగే ఏర్పాటు చూసుకోవాలి.

కన్వర్షన్ తర్వాత అదే గంట రాత్రి సర్క్యూట్లు పిటో హీటర్ వేసి మరీ ఎగిరించారు. 32.8 ఆంపియర్ల లోడు 60లో 80 శాతమైన 48కి చాలా లోపలే ఉంది. ట్యాక్సీలో, పిటో హీటర్ వేయని వేళ, మిగులు 2 ఆంపియర్లు. 1500 దగ్గర 45 వస్తుంటే 12 మిగులు. దిగాక ఇంజన్ ఆపి, బ్యాటరీని కొన్ని గంటలు వదిలేసి కొలిస్తే 12.7 వోల్టులు, నిండు బ్యాటరీ లెక్క.

జనరేటర్ బరువైనది కావడంతో ముక్కు తేలికైంది. తీసినవీ పెట్టినవీ తూచి బరువు, సమతౌల్యం కాగితాలు కొత్తగా రాశారు, ఎలక్ట్రికల్ లోడు పట్టిక వాటితో జతచేశారు. తనిఖీ పట్టికలో చేర్చినవి: 25 గంటలకు బెల్టు బిగుతు, ప్రతి వార్షిక తనిఖీలో బస్ నుంచి రెగ్యులేటర్‌కు డ్రాప్ కొలత, అవుట్‌పుట్ దగ్గర ఏసీ రిపుల్ కొలత, ఓవర్‌వోల్టేజ్ యూనిట్ పనిచేస్తోందో లేదో పరీక్ష, 500 గంటలకు బ్రష్షుల పొడవు. కొలిచిన అంకెను లాగ్‌బుక్‌లో రాయాలి, "సరిగా ఉంది" అని కాదు. ఈ ఏడాది 0.08 ఉన్నది వచ్చే ఏడాది 0.15 అయితే, ముల్లు వణకకముందే ఆ టెర్మినల్ విప్పొచ్చు.